బిడ్డ కట్ట

సకల జనుల సమ్మె మొదటి రోజున రాయికల్ మండలాఫీసుకు తాళం వేసింది ఎవరయ్యా అంటే, ఉద్యోగ సంఘాల వాళ్ళు కాదు, జేఏసీ నాయకులు కాదు, బీడీలు చేసే హుస్సేన్‌బీ.

ఆ పొద్దున ఆఫీసు ముందు టెంటు వేశారు, ఫ్లెక్సీ కట్టారు, మైకు సరిచేశారు. అంతా అయ్యాక చూస్తే ఆఫీసు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఎవరో ఒకాయన సాయంత్రం చాటుగా లోపలికి పోయి ఫైళ్ళు రాసుకుంటాడట అని పుకారు. దీని మీద తీర్మానం ఎట్లా రాయాలా అని నాయకులు తర్జనభర్జన పడుతుంటే, హుస్సేన్‌బీ లేచి, రోడ్డుకు అవతల ఉన్న తన భర్త గౌస్ సైకిల్ షాపులోకి పోయి, అరచేయంత తాళంకప్ప పట్టుకొచ్చింది. రెండు తలుపులూ దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, జనం వైపు తిరిగింది.

"సమ్మె అయిపోయేదాక గీ తాళం తీసేది లేదు! ఎవ్వరచ్చి అడిగినా తియ్య. నా కడుపున పుట్టిన బిడ్డ అచ్చి అడిగినా తియ్య!"

చప్పట్లే చప్పట్లు. తాళం చెవి కొంగున ముడేసుకుని ఆమె టెంటులో ముందు వరుసలో కూర్చుంది. మరునాడు పేపరులో ఆమె ఫోటో వచ్చింది, నోరు తెరిచి ఉన్నది. దానికి ఫోటో తీసినాయనను తప్పు పట్టలేం, హుస్సేన్‌బీ నోరు మూసి ఉన్నప్పుడు దొరకబట్టడం ఎవరికైనా కష్టమే. గౌస్ ఆ పేపరు కత్తిరించి షాపులో గాలి పంపు పైన అంటించాడు. ఆయన మాట్లాడడమే తక్కువ, ఇంట్లో మాటల కోటా మొత్తం భార్యే వాడేస్తుంది మరి.

ఇంత పంతం పట్టిన మనిషికి ఆ ఆఫీసుతో ఉన్న పని ఏమిటో చెప్పాలి.

ఐదేళ్ళ కింద బీడీ చేసే ఆడవాళ్ళ కోసం కేంద్ర సర్కారు పథకం ఒకటి వచ్చింది. దాని పేరు ఒక్క గుక్కలో చదవలేనంత పొడుగు గనక వాడకట్టులో అందరూ 'ఒకటికి రెండు' అనేవాళ్ళు. ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల పేరు మీద తల్లి నెలకు వంద రూపాయలు పోస్టాఫీసులో దాచాలి. ఐదేళ్ళు దాచాక పిల్ల ఇంటర్ పాసై పైచదువులో సీటు తెచ్చుకుంటే, దాచిన రూపాయి పక్కన సర్కారు రెండు రూపాయలు పెడుతుంది. ఒక్క నెల తప్పితే మాత్రం సర్కారు వాటా పోయినట్టే. మొదట ఇరవై మంది చేరారు. ఒకరి ఇంట్లో పెళ్ళి, ఒకరి ఇంట్లో ఆపరేషను, ఒకరికి మొగుడి తాగుడు. చివరిదాకా మిగిలింది ఇద్దరే. ఒకరు హుస్సేన్‌బీ, ఇంకొకరు మూడిళ్ళ అవతల ఉండే రూతమ్మ.

రూతమ్మ భర్త పోయి ఎనిమిదేళ్ళు. పొలం పుట్రా లేదు. నాట్లప్పుడు కైకిలి కూలికి పోయేది, మిగతా రోజుల్లో బీడీలు చేసేది. ఆమె కూతురు సంగీత, హుస్సేన్‌బీ కూతురు షాజియా ఒకే బెంచీ మీద చదువుకున్నారు. షాజియా రూతమ్మను చిన్నమ్మ అనేది, సంగీత హుస్సేన్‌బీని పెద్దమ్మ అనేది. తల్లులిద్దరూ హుస్సేన్‌బీ ఇంటి అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని, పొద్దుందాకా బీడీలు చుట్టేవాళ్ళు.

ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. రోజుకు వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. కంపెనీ తూకం వేసి ఇచ్చే తునికాకు ఆ నలభైకే బొటాబొటి సరిపోతుంది. హుస్సేన్‌బీ ఆకును అంచులదాకా వాడుకుని, పీలికంత కూడా దండుగ పోకుండా కత్తిరించి, రోజూ నలభై రెండు కట్టేది. పైన మిగిలిన ఆ రెండూ బిడ్డ కట్టలు. వాటిని విడిగా ఒక బిస్కెట్ డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బాలోవి అమ్మితే పోస్టాఫీసు వంద చేతికొచ్చేది. రూతమ్మ కూడా అదే నేర్చుకుంది. సాయంత్రం చాటలు దులిపేటప్పుడు వాళ్ళ పలకరింపే అది.

"బిడ్డ కట్ట అయిందా అక్కా?"

"అయింది చెల్లె. నీది?"

చదువు రాని హుస్సేన్‌బీ పోస్టాఫీసు ఇచ్చిన రసీదులను గోడకు వేలాడే తీగకు గుచ్చేది. ఐదేళ్ళలో తీగ నిండిపోయింది. ఇద్దరు పిల్లలూ ఇంటర్ పాసయ్యారు, ఇద్దరికీ జగిత్యాలలో నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఇక ఒక్కటే పని మిగిలింది. పిల్ల చదువులో చేరుతున్నదని తహసీల్దారు అమృత మేడం సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసిన కాగితాన్ని రసీదులతో కలిపి కోరుట్లలో ఉన్న ఆ పథకం ఆఫీసులో ఇవ్వాలి. ఆ ఫైళ్ళు చూసేది మండలాఫీసు గుమస్తా బుచ్చన్న. హుస్సేన్‌బీ సెప్టెంబరు మొదట్లోనే రసీదుల తీగ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నేనే పంపిస్త తియ్యి" అన్నాడాయన. పంపించేశాడనే ఆమె అనుకుంది.

సమ్మె మొదలైన ఐదో రోజున రూతమ్మ టెంటుకొచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, జర తాళం తియ్యవా? సంగీత కాయితం సంతకమై బుచ్చన్న సారు సొరుగులనే ఉన్నదట. గది తీసుకుని మల్ల తాళం ఏసుకో. ఐదు నిమిషాల పని."

హుస్సేన్‌బీ మెత్తగా చెప్పొచ్చు, రేపు చూద్దామనొచ్చు. కానీ ఆ రోజు టెంటులో జనం ఎక్కువగా ఉన్నారు, మైకు పక్కనే ఉంది, పేపరులో ఫోటో పడ్డ వేడి ఇంకా తగ్గలేదు.

"అందరికి ఒకటే తాళం రూతమ్మా! నిన్న లస్మయ్య తాత పింఛను కాయితం కోసం అచ్చిండు, తియ్యలే. ఇయ్యాల నీకు తీస్తె ఊరంత లైను కడ్తది. మా షాజియా కాయితం ఎప్పుడో కోరుట్ల పోయింది. నువ్వు ఆలస్యం జేసుకుని నన్ను తియ్యమంటె ఎట్ల?"

నలుగురూ చప్పట్లు కొట్టారు. రూతమ్మ ముఖం చిన్నబోయింది. లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె టెంటుకు రాలేదు. సాయంత్రం పూట హుస్సేన్‌బీ అరుగు మీదికీ రాలేదు. బీడీ కార్ఖానా కూడా మూతపడ్డది గనక పని లేక రాలేదేమోలే అని హుస్సేన్‌బీ తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధమని ఆమెకు బాగా తెలుసు.

బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, బతుకమ్మ పండుగ మొదలైంది. ఆడవాళ్ళంతా మండలాఫీసు ముందు నడిరోడ్డు మీదే బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. గురువారం సాయంత్రం ఆట మధ్యలో పోస్ట్‌మాన్ సైకిల్ మీద వచ్చి హుస్సేన్‌బీ చేతిలో ఒక కార్డు పెట్టాడు. పోస్టాఫీసు కేంద్రానిది, దానికి సమ్మె లేదు. షాజియా కార్డు తీసుకుని చదివింది. చదువుతున్న కొద్దీ గొంతు తగ్గిపోయింది.

"అమ్మీ, మన కాయితం ఇంక అందలేదట. రేపు శుక్రారం సాయంత్రం ఐదు గంటలకు ఆఖరట. అటెన్క అస్తె చెల్లదట."

హుస్సేన్‌బీ తిన్నగా బుచ్చన్న దగ్గరికి పోయింది. ఆయన టెంటులో వెనక వరుసలో కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఆమెను చూడగానే పల్లీలు జేబులో వేసుకున్నాడు.

"నా బిడ్డ కాయితం పంపిస్తనంటివి గద?"

"పంపుదామనే అనుకున్న. పన్నెండో తారీకు పొద్దుమీకినంక మేడం సంతకం పెట్టింది. షాజియాది, సంగీతది రెండు కలిపి సొరుగుల పెట్టిన. తెల్లారి అచ్చేసరికి నువ్వు తాళం ఏస్తివి."

"మరి గా రోజే చెప్పద్దా!"

"చెప్దామనే లేచిన. 'నా కడుపున పుట్టిన బిడ్డ అడిగినా తియ్య' అని నువ్వు మైకు ముందల అనవడితివి. మల్ల కూసున్న. సమ్మె వారం రోజులల్ల అయిపోతది గదా అనుకున్న." బుచ్చన్న చిన్నగా దగ్గాడు. "నీ నోటికి భయమైంది హుస్సేన్‌బీ. ఉన్నమాట."

బతుకమ్మ ఆట ఆగిపోయింది. ముందు ఒకామె అంది తియ్యి అక్కా అని, తర్వాత నలుగురన్నారు, తర్వాత టెంటంతా అన్నది. సమ్మెలో కూర్చున్న తహసీల్దారు అమృత మేడం కూడా, "సంతకం ఎప్పుడో అయింది, తీసుకుంటే తప్పేం లేదు హుస్సేన్‌బీ" అన్నది. అందరూ అంత ప్రేమగా చెబుతుంటే హుస్సేన్‌బీకి ఇంకా సిగ్గు ముంచుకొచ్చింది. ఇదే మాట రూతమ్మ అడిగినప్పుడు వీళ్ళంతా చప్పట్లు కొట్టారు, కొట్టించింది తనే. కొంగు ముడి మీద చేయి వేసి నిలబడింది. పద్దెనిమిది వేలు, ఐదేళ్ళ కట్టలు, తెల్లబట్టల్లో తన బిడ్డ, అన్నీ ఆ తలుపు అవతల సొరుగులో ఉన్నాయి. ముడి విప్పితే చాలు.

షాజియా దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"అమ్మీ, తియ్యకు. చిన్నమ్మకు తియ్యంది నాకోసం తియ్యకు. సంగీత ముఖం నేనెట్ల చూడాలె?"

ఆ మాటతో హుస్సేన్‌బీ కొంగు ముడి మీంచి చేయి తీసేసింది. బిడ్డ ఇంత పెద్దదెప్పుడయిందో ఆమెకు తెలియదు. ఆ రాత్రి ఆమె సరిగ్గా అన్నం కూడా తినలేదు.

శుక్రవారం పొద్దు పొడుస్తుండగానే పోయి రూతమ్మ గడప ముందు నిలబడింది. రూతమ్మ పొయ్యి దగ్గర చాయ్ కాస్తున్నది. సంగీత, "అమ్మా, పెద్దమ్మ అచ్చింది" అంది. రూతమ్మ తల తిప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి హుస్సేన్‌బీకి మాటలు దొరకలేదు. లోపలికి పోయి, కొంగు ముడి విప్పి, గోడకానుకుని ఉన్న రూతమ్మ చాటలో తాళం చెవి పెట్టింది.

"చెల్లె, నా బిడ్డ కాయితం గూడ గా సొరుగులనే ఉన్నదట. నాకు నిన్ననే ఎర్కైంది. నీకు తియ్యని తాళం నా బిడ్డకు తియ్య చెయ్యి అస్తలేదు. తియ్యకుండ ఉండబుద్ధి గూడ అయితలేదు. నువ్వు తియ్యి. నా మాట పోతె పోనియ్. నలుగుట్ల నిన్ను తక్కువ జేసి మాట్లాడిన, గది నా తప్పే."

రూతమ్మ చాయ్ దించింది. దించి, ఇటు తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"పది రోజులు! పది రోజులకు నా ఇల్లు యాదికచ్చిందా? నేను ఆలస్యం జేసుకున్ననా? నీ బిడ్డ కాయితం పోయింది, నా బిడ్డది ఏమైతె నీకేంది, గంతే గదా?"

"అను చెల్లె. ఎంతనన్న అను."

రూతమ్మ అనవలసినవన్నీ అన్నది. పది రోజులు దాచుకున్నవి గనక కొంచెంసేపు పట్టింది. అన్నీ అయ్యాక చాటలోంచి తాళం చెవి తీసి హుస్సేన్‌బీ చేతిలోనే పెట్టింది.

"నేను తియ్య. నువ్వు తాళం ఏసిననాడు మొట్టమొదలు చప్పట్లు కొట్టింది నేను. గది నీ ఒక్కదాని మాట అనుకున్నవా? మనం తీస్తె రేపు పొద్దుగాల, ఆడోళ్ళ తాళం ఇరవై రోజులు గూడ ఆగలేదు సూడు అని నవ్వుతరు. తెలంగాణ కోసం ఏసిన తాళం అక్కా."

"మరి పిల్లలెట్ల?"

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. సంగీత చాయ్ పోసి ఇచ్చింది, చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. అప్పుడు వాకిట్లో ఎవరో దగ్గినట్టయింది. చూస్తే గౌస్. చేతిలో పానాల సంచీ ఉంది, వెనక షాజియా ఉంది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు గౌస్.

"ఏంది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి, అదిలించినట్టు.

"తలుపుకు రెండు దిక్కులుంటయి. మీరందరు తాళం దిక్కే సూస్తున్నరు. గా ఆఫీసుది పాత తలుపు, మడతబందులు బయటికే ఉన్నయి. మేకులు గుంజితె రెక్క ఊడస్తది. తాళం తాళం లెక్కనే ఉంటది."

రూతమ్మకు ముందు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. హుస్సేన్‌బీకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

"గీ ముచ్చట నిన్ననే ఎందుకు చెప్పలే? పది రోజుల కిందనే ఎందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడనిస్తివా?" అన్నాడు గౌస్.

ఊళ్ళో కబురు పాకడానికి అర్ధగంట చాలు. తొమ్మిది గంటలకల్లా మండలాఫీసు ముందు జాతరంత జనం. గౌస్ మెట్ల మీద గొంతుక్కూర్చుని, కిరోసిన్ గుడ్డతో తుప్పు తుడిచి, సుత్తెతో మెల్లగా కొట్టి ఒక్కో మేకు బయటికి గుంజాడు. మూడో మేకు కొంచెం మొండికేసింది. అదీ వచ్చేసరికి ఎడమ రెక్క కిర్రుమంటూ పక్కకు ఒరిగింది. నలుగురు దాన్ని పట్టుకున్నారు. నడుమ గొళ్ళానికి తాళం వేసింది వేసినట్టే వేలాడుతున్నది. జనం ఈలలు వేశారు. అమృత మేడం తన ప్లాస్టిక్ కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుని, "నేను సమ్మెల ఉన్న. నాకైతే ఏం కనవడ్తలేదు" అని ప్రకటించింది.

బుచ్చన్న లోపలికి పోబోతే హుస్సేన్‌బీ అడ్డం నిలబడి చేయి చాపింది.

"ఏంది?"

"పెన్ను ఇటియ్యి. సమ్మెల కలం కదలద్దు. సంతకమైన కాయితాలే తేవాలె. కొత్తది ఒక్క గీత గీసినా ఊకోను."

బుచ్చన్న జేబులోని పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. జేబులో పల్లీలు మాత్రం ఉంచుకోనిచ్చింది. రెండు నిమిషాలకు ఆయన సొరుగు మొత్తం ఎత్తుకుని బయటికొచ్చాడు. సంతకమై వాళ్ళ వాళ్ళ చేతికి అందక ఆగిపోయిన కాగితాలు పదకొండు తేలాయి. ఒక్కో పేరు పిలిచి ఇస్తుంటే ముసలి లస్మయ్య తన పింఛను కాగితాన్ని రెండు చేతులా అందుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చివరికి షాజియా ఫైలు, సంగీత ఫైలు, రసీదుల తీగలతో సహా. గౌస్ మళ్ళీ రెక్క నిలబెట్టి మేకులు దిగ్గొట్టాడు. తాళం తీయలేదు, కలం కదలలేదు, పని అయిపోయింది.

కోరుట్ల పోవడానికి బస్సు లేదు. ఆ రోజు అక్కడ పెద్ద చౌరస్తాలో, నడిరోడ్డు మీదే వండి తినే వంటావార్పు నిరసన ఉండడంతో, రాయికల్ నుంచి గుండిగలు, గరిటెలు, బియ్యం బస్తాలతో ఒక ట్రాక్టరు బయల్దేరుతున్నది. ఇద్దరు తల్లులు, ఇద్దరు బిడ్డలు బియ్యం బస్తాల మీద ఎక్కి కూర్చున్నారు. ఫైళ్ళు తడవకుండా, ఎగిరిపోకుండా ఒక గుండిగలో పెట్టి మూత వేసి, ఆ మూత మీద హుస్సేన్‌బీ కూర్చుంది. దారిలో ఊరూరా టెంటు ఉంది, టెంటు టెంటుకూ ట్రాక్టరు ఆపారు, ఆపిన చోటల్లా జై తెలంగాణ అనిపించారు. ఒకచోట అటుకులు పెట్టారు, ఒకచోట మజ్జిగ పోశారు. రూతమ్మ ఎండ చూసి గంట ఎంతయిందో లెక్క కడుతూ కూర్చుంది. కోరుట్ల చేరేసరికి మూడు దాటింది.

ఆ ఆఫీసూ కేంద్రానిదే గనక తెరిచే ఉంది, లోపల కళ్ళద్దాల గుమస్తా ఒక్కడే ఉన్నాడు. సంగీత ఫైలు చూశాడు, రసీదులు లెక్కపెట్టాడు, బాగుందన్నాడు, ముద్ర వేశాడు. షాజియా ఫైలు తీశాడు. తీగకు గుచ్చిన రసీదులు ఒక్కొక్కటీ తిప్పుతూ నడుమ ఒకచోట ఆగాడు.

"అన్నిట్ల వేలిముద్ర ఉన్నది. గీ ఒక్కదాంట్ల సంతకం ఉన్నదేంది? రెండు వేల తొమ్మిది, ఆగస్టు. కట్టినవారు, రూతమ్మ. ఈ రూతమ్మ ఎవరు? సొంతోళ్ళే కట్టాలె అని రూలు. బయటోళ్ళు కడ్తె గా నెల చెల్లది. నెల చెల్లకుంటె..." అంటూ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

హుస్సేన్‌బీకి ఆ ఆగస్టు కళ్ళముందుకొచ్చింది. ఊరంతా కీళ్ళ జ్వరాలు. తను నెలరోజులు మంచం దిగలేదు, వేళ్ళు ముడుచుకోలేదు, బీడీ పట్టుకోలేదు. లేచాక మొదట తీగ వైపే చూసింది, రసీదు ఉంది. గౌస్ కట్టాడనుకుంది. మొగుణ్ణి ఒక్క మాట అడిగితే తెలిసేదే. ఆమె తిరిగి చూసింది. రూతమ్మ మూలన నిలబడి తిరగని ఫ్యాను వైపు దీక్షగా చూస్తున్నది. ఆ నెల ఆమె నలభై రెండు కాదు, నలభై నాలుగు కట్టలు కట్టిందన్నమాట. తన బిడ్డకు రెండు, షాజియాకు రెండు.

"మా చిన్నమ్మ, సార్," అంది షాజియా.

గుమస్తా షాజియా తల మీది ముసుగు చూశాడు. మూలన ఉన్న రూతమ్మ మెడలో నల్లదారానికి వేలాడే సిలువ చూశాడు.

"సొంత చిన్నమ్మనా?"

"మా అమ్మ, సార్," అంది సంగీత. "షాజియాకు చిన్నమ్మ. షాజియా వాళ్ళమ్మ నాకు పెద్దమ్మ."

"మీ పిల్లలు ఆగున్రి." ఆయన హుస్సేన్‌బీ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పున్రి. ఈమె మీకేమైతది?"

పేపరులో నోరు తెరిచిన ఫోటో పడ్డ మనిషి, మైకు అక్కర్లేని మనిషి, నోరు తెరిచింది గానీ ముందు మాట రాలేదు, కన్నీళ్ళొచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా చెల్లె, సార్. ఎంత సొంత చెల్లెనో నాకు గూడ ఇయ్యాలనే ఎర్కైంది."

గుమస్తా ఆమెను చూశాడు, మూలనున్న ఆమెను చూశాడు, పిల్లలిద్దరినీ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ముద్ర సిరాలో అద్ది, రసీదు పక్కనే కాగితం మీద గట్టిగా కొట్టాడు.

"చెల్లె అయితె సొంతోళ్ళే," అన్నాడు. "పదిహేను రోజులల్ల పైసలు ఖాతాల పడ్తయి. మంచిగ చదువుకోన్రి."

బయటికి వచ్చీ రాగానే హుస్సేన్‌బీ రూతమ్మ జబ్బ పట్టుకుని ఊపేసింది.

"రెండేండ్లు! ఒక్క మాటన్న చెప్పద్దా?"

"చెప్తె పైసలు తెచ్చి చేతుల పెడ్తవు. గందుకే చెప్పలే."

"మరి మొన్న టెంటుల నేను గంతగనం అన్నప్పుడైన అననుంటివి! నీ బిడ్డ కోసం నేను కట్టిన, నా బిడ్డ కోసం తాళం తియ్యలేవా అని ఒక్క మాట అంటె నా నోరు పడిపోయేది గద!"

"గందుకే అనలే," అంది రూతమ్మ. "గది అనెతందుకు కట్టిన్నా?"

దీనికి హుస్సేన్‌బీ దగ్గర జవాబు లేదు. ఒకే రోజులో ఆమెకు ఇది మూడోసారి. ఇంటికి పోయాక గౌస్‌కు ఈ సంగతి చెప్పొద్దని పిల్లల దగ్గర ఒట్టు వేయించుకుంది. వాళ్ళు చౌరస్తాకు పోయి, రోడ్డు మీద వండిన అన్నం, పప్పుచారు కడుపునిండా తిన్నారు. గుండిగ ఖాళీ చేసుకుని ట్రాక్టరు తిరిగి రాయికల్ దారి పట్టింది. పిల్లలిద్దరూ దారి పక్క తంగేడు పూలు తెంపి ఒళ్ళో పోసుకుని, కాలేజీలో ఒకే గది అడగాలా వద్దా అని వాదించుకుంటున్నారు. సంగీతకు గురక వస్తుందని షాజియా, రాదని సంగీత.

హుస్సేన్‌బీ కొంగు ముడి విప్పి తాళం చెవి తీసింది. రూతమ్మ కొంగు లాగి, దానికి ముడేసింది.

"నాకెందుకక్కా?"

"సమ్మె అయిపోయిననాడు నువ్వే తియ్యాలె. నాకు ఏసుడే అచ్చు, తీసుడు రాదు."

అక్టోబరు నెలాఖరున సమ్మె ఆగింది. అప్పటికి పైసలు పడ్డాయి, ఫీజులు కట్టారు, పిల్లలు జగిత్యాల హాస్టల్లో చేరారు. ఇద్దరికీ ఒకే గది దొరికింది. తాళం తీసే రోజున పేపరాయన మళ్ళీ వచ్చి హుస్సేన్‌బీని పిలిస్తే, ఆమె రూతమ్మను మెట్ల మీదికి తోసింది. మరునాటి పేపరులో తాళం చెవి పట్టుకున్న రూతమ్మ ఉంది. పక్కన సగం ముఖంతో హుస్సేన్‌బీ ఉంది, నోరు తెరిచే ఉంది. ఆమె పేరు కూడా వేయాలని ఫోటో తీసినాయనను గద్దిస్తున్నది. గౌస్ ఆ ఫోటో కూడా కత్తిరించి, మొదటి దాని పక్కనే అంటించాడు.

ఆ సాయంత్రం కార్ఖానా నుంచి ఆకు వచ్చింది. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని చాటలు ఒళ్ళో పెట్టుకున్నారు. పొద్దుగూకే వేళకు ఎవరి నలభై కట్టలు వాళ్ళకు అయ్యాయి. అయినా చేతులు ఆగలేదు, ఇంకో ఆకు తీసుకున్నాయి.

"ఇంక దేనికక్కా? ఐదేండ్లు అయిపోయె గద," అంది రూతమ్మ నవ్వుతూ.

"రెండో ఏడు ఫీజుంటది చెల్లె," అంది హుస్సేన్‌బీ. దారం కొరికి, కట్ట కట్టి, బిస్కెట్ డబ్బాలో వేసింది. "బిడ్డ కట్ట అయిందా?"

"అయింది అక్కా. నీది?"